ఓటు లేని వాదములో మన యెముకల సాక్ష్యము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో త్రాగునీటి ఫ్లోరైడును గూర్చి చెలరేగిన వివాదము సముద్రములు దాటి మర్రిగూడ అరుగుల మీదికి వచ్చి కూర్చున్నది. వచ్చుటలో వింత లేదు. ఈ మండలములో పుట్టినవానికి ఫ్లోరైడను మాట అక్షరాభ్యాసమునకు ముందే తెలియును. వింత యేమన, అక్కడి రెండు పక్షములవారి కేకలను మనవారు రెండు జట్లుగా విడిపోయి యిక్కడ మరల వేయుచున్నారు. ఒక జట్టు "కెనెడీ చెప్పినదే నిజము, ఫ్లోరైడు విషము, దానికి మన వంకర కాళ్లే ఋజువు" అనును. రెండవ జట్టు "కెనెడీ వెఱ్ఱివాడు, ఫ్లోరైడు పండ్లకు మేలు, దంతవైద్యులందరు నట్లే చెప్పుచున్నారు" అనును. ఈ రెండు జట్లలో ఏ యొక్కనికిని ఆ దేశమున ఓటు లేదు. ఏ యొక్కడును తన యింటి నల్లానీటిని పరీక్ష చేయించిన జాడయు లేదు. మొదటి లోపము విధి చేసినది. రెండవది మనము చేసికొన్నది. దానిని గూర్చియే మేము వ్రాయుచున్నాము.

దూరదేశపు రాజకీయములను చదువుట వ్యర్థమని మేము చెప్పబోవుట లేదు. అట్లు చెప్పువారు మన చరిత్ర నెఱుగనివారు. 1917లో మదరాసున వృద్ధుడగు సర్ సుబ్రహ్మణ్య అయ్యరు అమెరికా అధ్యక్షుడైన విల్సనుకు ఉత్తరము వ్రాసి, హిందూదేశపు స్వపరిపాలనకు తోడుపడుమని కోరెను. దొరలు కన్నెఱ్ఱ చేయగా తన బిరుదమునే విసర్జించెను. ఆ యుద్ధకాలముననే లాలా లజపతిరాయి న్యూయార్కులో కూర్చుండి పత్రిక నడిపి అమెరికనులకు మన వ్యాజ్యమును వినిపించెను. 1941 ఆగస్టులో రూజువెల్టు, చర్చిలు కలిసి ప్రకటించిన అట్లాంటికు పత్రములో ప్రతి ప్రజకును తన ప్రభుత్వమును తానెన్నుకొను హక్కు కలదని యుండెను. మరుసటి నెలలోనే చర్చిలు అది హిందూదేశమునకు చెందదని పార్లమెంటులో పలికెను. ఆనాటి పఠనాలయములలో ఈ వార్త చదివినవారు రూజువెల్టు జట్టు, చర్చిలు జట్టు అని విడిపోలేదు. "ఇందులో మా పేరున్నదా, లేదా?" అని మాత్రమే అడిగిరి. పెద్దలు పరదేశ రాజకీయములను చదివిన పద్ధతి యిది. వకీలు పై కోర్టు తీర్పును చదువునట్లు చదివిరి. జాతరలో కోడిపందెము చూచునట్లు చూడలేదు.

ఇప్పుడు మన చూపు మారినది. మారుటకు కారణమును మేము నిందింపము. ఇంటింట ఒక కుమారుడో మేనల్లుడో అమెరికాలో నున్నప్పుడు తండ్రికి నిద్ర యెట్లు పట్టును? 2025 సెప్టెంబరు 19న ఆ దేశపు అధ్యక్షుడు ట్రంపు ఉద్యోగ వీసా క్రొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లు చెల్లింపవలయునని ఉత్తరువు వెలువరించెను. వెంటనే వాణిజ్యమంత్రి అది యేటేట చెల్లింపవలసినదన్నట్లు మాటలాడెను. ఆ రాత్రి ఎందరో విమానములెక్కుట మానిరి. ఎక్కినవారు కొందరు దిగిరి. మరునాడు అధ్యక్ష భవనమే అది ఒక్కసారి చెల్లింపవలసినదనియు, ఇదివరకే వీసా కలవారికి వర్తింపదనియు చెప్పవలసి వచ్చెను. ఉత్తరువు పాఠమును చదివినవాడు ఆ రాత్రి కొంత నిమ్మళముగా నుండెను. కేకలను విన్నవాడు టిక్కెట్టు డబ్బు పోగొట్టుకొనెను. అధ్యక్షుని ఉత్తరువు వేఱు, వారి శాసనసభ చేసిన చట్టము వేఱు, న్యాయస్థానపు తీర్పు వేఱు అని తెలియనివాడు అమెరికా రాజకీయములను పదియేండ్లు చదివినను చదివినట్లు కాదు.

ఇక భక్తి సంగతి చెప్పనక్కఱలేదు. మన తెలంగాణములోనే, జనగామ జిల్లా కొన్నె గ్రామమున, ఒక యువకుడు ట్రంపునకు విగ్రహము నిలిపి పాలాభిషేకము చేసెను. పాపము, 2020 అక్టోబరులో అతడు మరణించెను. 2024లో ఉపాధ్యక్ష పదవికి నిలిచినవాని భార్య పూర్వుల ఊరని పశ్చిమ గోదావరిలోని వడ్లూరున పూజలు జరిగెను. అదే యెన్నికలలో ఎదుటి పక్షమున నిలిచిన కమలా హారిసు మాతామహుల ఊరని తమిళదేశమున తులసేంద్రపురములో అభిషేకములు జరిగెను. ఇరువురు దేవతలకును ఒకేసారి నైవేద్యము పెట్టినందున దక్షిణదేశమునకు నష్టమేమియు లేదందురేమో. లాభమును మాత్రము మేమింకను వెదకుచున్నాము.

అది యట్లుండనిండు. ఫ్లోరైడు వివాదమునకు వత్తము. అది మన యింటి వాకిట నిలిచిన వ్యాజ్యము గనుక కాగితములన్నియు విప్పి చూడవలయును.

అమెరికావారు నీటిలో ఫ్లోరైడును బుద్ధిపూర్వకముగా కలుపుదురు. 1945 జనవరిలో మిచిగను రాష్ట్రమునందలి గ్రాండు రాపిడ్సు పట్టణమున మొట్టమొదట కలిపిరి. కారణము పండ్లు పుచ్చకుండుట. పిమ్మట ఆ పద్ధతి దేశమెల్ల వ్యాపించెను. తోడనే తగవును పుట్టెను. 1950, 60 సంవత్సరముల నడుమ ఇది కమ్యూనిస్టుల కుట్రయని నమ్మినవారు అక్కడ తక్కువ మంది కారు. 1964లో ఆ నమ్మకమును ఎగతాళి చేయుచు సినిమాయే వచ్చినది. (నల్లగొండ జిల్లాలో కమ్యూనిస్టులు చేసిన పనులు పెక్కు కలవు గాని, మన బావులలో ఫ్లోరైడు వేసినది వారు కారు. ఆ పని మన నేలక్రింది గ్రానైటు రాయి చేసినది.) 1962లో అక్కడి ప్రభుత్వము కలుపదగిన పరిమాణమును లీటరుకు 0.7 మొదలు 1.2 మిల్లీగ్రాముల వఱకు నిర్ణయించెను. 2015లో దానిని అంతటను 0.7కు దించిరి. 2024 ఆగస్టులో వారి జాతీయ విషపరిశోధన సంస్థ ఒక నివేదికను ప్రకటించి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని త్రాగు పిల్లల బుద్ధిసూచి తగ్గుటతో సంబంధము కానవచ్చుచున్నదని ఒక మోస్తరు నమ్మకముతో చెప్పెను, 0.7ను గూర్చి చెప్పుటకు సాక్ష్యము చాలదనెను. 2024 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో చెన్ అను న్యాయాధిపతి 0.7 వద్దనే చట్టము సహింపరాని ప్రమాదము కలదని తీర్పు చెప్పి పర్యావరణ శాఖను చర్య గైకొనుమనెను. అయితే అది నిశ్చయముగా హాని చేయునని తాను చెప్పుట లేదని ఆ తీర్పులోనే వ్రాసెను. 2025లో ఆరోగ్యమంత్రి యైన కెనెడీ ఈ కలుపుటను మాన్పింపవలయునని ప్రచారము చేసెను. ఆ యేడు మార్చిలో యూటా రాష్ట్రమును, మేలో ఫ్లారిడా రాష్ట్రమును నిషేధ చట్టములను చేసినవి. దంతవైద్యుల సంఘము ఎదిరించుచునే యున్నది.

కథ ఇంతే. ఇందులో మన జట్లవారు ఏమి చదివిరి? ఒకరు "విషము" అను మాటను, ఒకరు "మేలు" అను మాటను ఏరుకొనిరి. నడుమనున్న అంకెలను ఇరువురును పాఱవేసిరి. వ్యాజ్యమంతయు అంకెలలోనే యున్నది గదా! 0.7 కలిపిన నీటికిని, మన పాత బోరుబావులలో ఆ హద్దును ఎన్నో రెట్లు మించి ఊరిన నీటికిని ఒకే పేరున్నంత మాత్రమున ఒకే ధర్మముండునా? ఉప్పు లేని కూర రుచింపదు; ఉప్పుబస్తా మ్రింగినవాడు బ్రదుకడు. కెనెడీ గెలిచిన మర్రిగూడలో ఒక్క వెన్నెముకయు నిటారు కాదు. కెనెడీ ఓడిన ఒక్కటియు వంగదు. అక్కడి ప్రశ్న, మనుష్యుడు కలుపుచున్నదానిని మానవలయునా యని. ఇక్కడి ప్రశ్న, రాయి కలుపుచున్నదానిని ఎవడు తీసివేయును, తీసివేసితినని చెప్పినవాడు నిజము చెప్పుచున్నాడా యని. మొదటి వ్యాజ్యపు తీర్పును తెచ్చి రెండవ వ్యాజ్యమున దాఖలు చేయు వకీలును ఏ మునసబు కోర్టులోనైనను నవ్వుదురు.

కాని ఆ నివేదికలో మనకు సంబంధించిన మాటలు రెండున్నవి. వానిని మన జట్లవారెవరును చదివినట్లు తోచదు.

మొదటిది: 1.5 అను అంకెను అమెరికా పండితులు ఎక్కడనుండి తెచ్చిరి? అమెరికాలో అంత ఫ్లోరైడు త్రాగువారు బహు తక్కువ. వారు తూచి చూచిన పరిశోధనలలో పెక్కు పరదేశములలో జరిగినవే. చీనా, ఇరాను, మెక్సికో, వానితోపాటు హిందూదేశము. అనగా మనవంటి పల్లెల పిల్లలు త్రాగిన నీరు, వారు వ్రాసిన పరీక్షలు, ఆ దేశపు నివేదికకు సాక్ష్యములైనవి. మన బిడ్డల తలలు కొలిచి వారి పట్టణములలో నీటి చట్టములను మార్చుకొనుచున్నారు! మేము దీనిని తప్పని యనము. విద్యకు ఎల్లలు లేవు. కాని సాక్షిని కోర్టునకు పిలిచినప్పుడు బత్తాయు దారిఖర్చును ఇచ్చుట ఏ తాలూకాలోనైనను ఉన్న ఆచారమే. చీనాదేశపు పల్లెకో, రాజస్థానపు తాండాకో, మర్రిగూడకో ఆ సాక్ష్యమునకు బత్తా ఎవ్వరిచ్చిరి? అమెరికావారు ఇయ్యకపోవుటలో ఆశ్చర్యము లేదు. మన ప్రభుత్వములు ఇచ్చినవా?

రెండవ మాట ఇంకను ఘాటైనది. ఏ 1.5 మించిన చోట పిల్లల బుద్ధికి భయమున్నదని అమెరికా పండితులు వ్రాసిరో, ఆ 1.5 వఱకును వేఱు నీరు లేనిచోట త్రాగవచ్చునని మన హిందూదేశపు నీటి ప్రమాణము అనుమతించుచున్నది. మనకు మేలైన హద్దు 1.0, గత్యంతరము లేనిచో 1.5. వారి భయము మొదలగు గీతయే మన ఓర్పునకు కడపటి గీత. పైగా 1962లో అమెరికావారు పరిమాణమును 0.7 నుండి 1.2 దాక ఏల సాగదీసిరో తెలియునా? ఎండ యెక్కువైన ఊళ్లవారు నీరెక్కువ త్రాగుదురు గనుక వారికి తక్కువ ఫ్లోరైడు, చలిదేశమువారికి ఎక్కువ. అంత చిన్న సంగతిని వారు అరువది యేండ్ల క్రిందటనే లెక్కలోనికి తీసికొనిరి. మర్రిగూడ చెలకలో వైశాఖమాసపు టెండలో పత్తికట్టె పెఱుకు కూలివాడు దినమునకు ఎన్ని చెంబుల నీరు త్రాగును? వానికిని, సిమ్లా కొండమీద చలిమంట కాచుకొను గుమాస్తాకును ఒకే అంకెయా? ఫ్లోరైడు లీటరులో ఎంతయున్నదన్నది సగము ప్రశ్న. కడుపులోనికి ఎంత పోయినదన్నదే మిగిలిన సగము. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ తన 1.5ను చెప్పునప్పుడు దేశపు ఎండను, జనులు త్రాగు నీటి పరిమాణమును చూచుకొనుడని హెచ్చరించియే యున్నది. ఆ హెచ్చరికను విడిచి అంకెను మాత్రము కాపీ చేసికొన్నవారము మనము.

ఇట్టి ప్రశ్నలను ఇక్కడి అధికారులనడుగుటకు ఓటున్నవారము మనమే. మనకు అడుగుట రాదని ఎవ్వడన్నను మేమొప్పము. 1996 లోకసభ యెన్నికలలో నల్లగొండ నియోజకవర్గమున 480 మంది అభ్యర్థులు నిలిచిరి. జలసాధన సమితి పిలుపున, ఫ్లోరైడు నీటి బాధను దేశమునకు చాటుటకు, వందలకొలది సామాన్యులు నామపత్రములు వేసిరి. ఓటు పత్రము పుస్తకమంత యయ్యెను. ఎన్నికల సంఘము తల పట్టుకొనెను. అమెరికా శాసనసభలో ఒక సభ్యుడు గంటలకొలది నిలిచి ఉపన్యసించి బిల్లు నడ్డగించినచో మన పఠనాలయములో అబ్బురపడి చెప్పుకొందురు. మన తండ్రులు ఓటు పత్రమునే అర్జీగా మార్చిన విద్యను మాత్రము మఱచిపోతిమి.

అటుపిమ్మట 2003లో ఈ మండలమునకే చెందిన శివన్నగూడెమువాడు అంశల స్వామిని ఢిల్లీకి కొనిపోయి ప్రధానమంత్రి వాజపేయి యెదుట బల్లమీద పరుండబెట్టిరి. ఎముకలు ముడుచుకొనిపోయిన ఆ దేహము చెప్పినంతగా ఏ వకీలును చెప్పజాలడు. స్వామి తరువాతను ఇరువదియేండ్లు బ్రదికి, వచ్చిన ప్రతి మంత్రికిని తన దేహమునే అర్జీగా చూపి, 2023 జనవరిలో మరణించెను. ఆ యిరువదియేండ్లలో ఏమేమి జరిగెనో వరుసగా చూతము.

2015 జూన్ 12న ముఖ్యమంత్రి శివన్నగూడెమునకు వచ్చి డిండి ఎత్తిపోతలకు శంకుస్థాపన చేసెను. పదియేండ్లు గడిచినను 2025 నాటికి ఆ పథకము పూర్తి కాలేదు; భూములిచ్చినవారు మాత్రము నష్టపరిహారము చాలదని దీక్షలు చేసిరి. ఫ్లోరైడు పరిశోధనా కేంద్రము చౌటుప్పలులో వచ్చునని ఢిల్లీ మాట యిచ్చెను. 2022 ఉపయెన్నికలలో అది రాలేదని చెప్పుటకు ఎదుటి పక్షమువారు ఒక నాయకుని పేర సమాధి త్రవ్వి చూపిరి. సమాధి త్రవ్వుటకు ఒక్క పూట పట్టినది. కేంద్రము కట్టుటకు పట్టు కాలమునకు లెక్క లేదు. కృష్ణానీటిని మన మెట్ట ప్రాంతములకు తెచ్చుటకని 2005 తరువాత మొదలైన శ్రీశైలపు ఎడమగట్టు సొరంగము దాదాపు 44 కిలోమీటర్లు త్రవ్వవలసినది. అది యింకను త్రవ్వుచుండగనే 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద కూలి 8 మంది పనివారు లోపల చిక్కుకొనిరి. దూరరాష్ట్రములనుండి కూటికై వచ్చిన ఆ పనివారు మన నీటికొఱకు ప్రాణములిచ్చిరి. ఆ వారమున మన పఠనాలయములో ఆ సొరంగము మాట యెక్కువ వినబడెనా, వాషింగ్టను మాట యెక్కువ వినబడెనా, చదువరులే చెప్పవలయును. ఈ నడుమ, అదే నల్లగొండ జిల్లా మీదుగా కృష్ణాజలము గొట్టములలో హైదరాబాదు దప్పిక తీర్చుటకు పోవుచునే యున్నది.

చేసిన మేలును మేలనుట ధర్మము. మిషన్ భగీరథ గొట్టములలో కృష్ణానీరు మన పల్లెలకు వచ్చినది. బోరునీరు తప్ప గతి లేని దినములు పోయినవి. అది చిన్న పని కాదు. కాని 2020లో పార్లమెంటునకు ఒక లెక్క చెప్పిరి: 2015లో తెలంగాణమున ఫ్లోరైడు పీడిత జనావాసములు 967, ఇప్పుడు సున్న. ఈ సున్నను మేము శంకించుచున్నాము. అంకె తప్పని కాదు, దాని యర్థము వేఱని. ఆ సున్నకు అర్థము, ప్రతి జనావాసమునకును గొట్టము చేరినదని. రాయి మారినదని కాదు. బోరులు పూడ్చినారని కాదు. గొట్టము పగిలిన దినమున, కరెంటు పోయిన దినమున, పొలములో దప్పిక యైన మధ్యాహ్నమున, జనులు దేనిని త్రాగుచున్నారని ఎవరైనను లెక్కించినారా? ఇదివఱకే వంగిన వెన్నులను తిరిగి చాచు మందు లోకములో లేదు. ఆ వెన్నులకు సున్న యెక్కడిది? మనుష్యులను లెక్కించక ఊళ్లను లెక్కించిన లెక్కలో బాధితుడు అంకె క్రింద మాయమగును. మొకద్దమా ఫైసలా యయినదని వ్రాసి మిసిలు కట్టివేసిరి. వాది మాత్రము కోర్టు మెట్లమీదనే కూర్చుండియున్నాడు.

ఇక్కడనే అమెరికా చదువు మనకు అక్కఱకు వచ్చునని మేమనుచున్నాము. అయితే చదువవలసినది కెనెడీ ఉపన్యాసము కాదు. ఫ్లింటు పట్టణపు కథ. మిచిగను రాష్ట్రములో, మొదట ఫ్లోరైడు కలిపిన గ్రాండు రాపిడ్సు ఉన్న రాష్ట్రములోనే, ఫ్లింటు అను పేద పట్టణమున్నది. జనులలో సగమునకు మించి నల్లవారు. ఊరు అప్పుల పాలైనదని ఎన్నికైన నగరసభ అధికారమును తీసివేసి, రాష్ట్రము ఒక అధికారిని నియమించెను. అనగా ఓటుండియు లేనివారైరి. డబ్బు మిగుల్చుటకు 2014 ఏప్రిలులో త్రాగునీటిని ఫ్లింటు నదినుండి త్రిప్పిరి. గొట్టములను తినివేయకుండ కలుపవలసిన మందును కలుపలేదు. సీసము నీటిలో దిగెను. జనులు మురికినీటి సీసాలను పట్టుకొని సభలకు వచ్చిరి. అధికారులు "నీరు మంచిదే" యనిరి. అప్పుడు ఆ జనులు ఏ పార్టీ వెఱ్ఱిదని వాదించుకొనుచు కూర్చుండలేదు. 2015లో వర్జీనియాలోని ఒక విశ్వవిద్యాలయము వారు 300 పరీక్షా కట్టలు పంపగా, ఇల్లిల్లు తిరిగి, తెల్లవాఱుజామున మొదటి నీరు పట్టి, వరుస సంఖ్య వేసి పంపిరి. ఆ యూరి పిల్లల వైద్యురాలు హన్నా అట్టిషా పిల్లల రక్తములోని సీసపు లెక్కలను ప్రకటించెను. కొలది వారములలో, 2015 అక్టోబరునాటికి, ప్రభుత్వము నీటిని మరల డెట్రాయిటు గొట్టమునకు త్రిప్పవలసి వచ్చెను. పిదప కోట్లకొలది డాలర్ల పరిహారమునకును ఒప్పుకొనవలసి వచ్చెను. అదియు ఆలస్యముగనే. పిల్లల మెదళ్లకు చేరిన సీసమును డాలర్లు తీసివేయవు.

చూడుడు, ఆ దేశమున 1996 సవరణ చట్టము ప్రకారము ప్రతి నీటి సంస్థయు ప్రతి సంవత్సరము జూలై 1 లోగా తన వినియోగదారులకు నీటిలో ఏమేమి ఎంతెంత యున్నదో చీటి పంపవలయును. మంచి చట్టము. ఫ్లింటునకును ఆ చట్టమున్నది. చట్టముండియు అధికారులు బొంకిరి. కాగితము చాలదు, కాగితమును సరిచూచు జనులు కావలయునని ఫ్లింటు చెప్పుచున్నది. మనకు అట్టి చీటియు లేదు. సరిచూచు అలవాటును లేదు. ఉన్నదెల్ల ట్రంపు, కెనెడీ!

"ఇవన్నియు చిన్నవాండ్రు చేయగల పనులా?" యని కొందరు మమ్మడుగుదురు. మా మాట వినుడు. 2025 జూన్‌లో అమెరికా ప్రభుత్వము విద్యార్థి వీసా కోరువారి సామాజిక మాధ్యమముల వ్రాతలన్నియు బహిరంగముగా నుంచవలయునని ఉత్తరువు చేసెను. నాటినుండి మన యిండ్లలో తండ్రులు కుమారులకు చెప్పు హితవేమి? "నాయనా, ఏమియు వ్రాయకుము, ఎవ్వరిని ఏమియు అనకుము." భయపడిన తండ్రిని మేము తప్పు పట్టము. కాని అక్కడనున్న మన బిడ్డడు అక్కడి ప్రభుత్వమును విమర్శింపజాలడు. ఇక్కడనున్న మనము అక్కడి ప్రభుత్వమును ఎంత విమర్శించినను దానికి చీమ కుట్టినట్లైనను ఉండదు. మిగిలినది ఒక్కటే: ఇక్కడనుండి ఇక్కడి ప్రభుత్వమునడుగుట. దీనికి వీసా అక్కఱలేదు. ఇది చేయు నోటికి తాళము వేసికొని, చేయలేనిదానికి నోరు తెఱచుట పౌరధర్మము కాదు, కాలక్షేపము.

అడుగవలసినవి ఏవి? మర్రిగూడ మండలములోని ప్రతి నీటి టాంకియొక్క, ప్రతి ప్రభుత్వ బోరుయొక్క ఫ్లోరైడు అంకె, పరీక్షించిన తేదీతో సహా, పంచాయతి గోడమీద నెలనెల వ్రాయవలయును. బడిపిల్లవాడు చదువునంత పెద్ద అక్షరములలో వ్రాయవలయును. 1.5 మించిన బోరునకు ఎఱ్ఱరంగు వేయవలయును. పల్లెలలో మహిళలకు నీటి పరీక్షా పెట్టెలిచ్చి నేర్పుటకు కేంద్రపు జలజీవన పథకములో ఏర్పాటున్నది. మన మండలములో ఆ పెట్టెలు ఎన్ని వచ్చినవి, ఎన్ని పనిచేయుచున్నవి, ఎవరు పరీక్షించుచున్నారు, లెక్క చూపవలయును. ఫ్లోరైడు పీడితులను ఊళ్లవారీగా కాక మనుష్యులవారీగా లెక్కించి, వారికి పింఛను, సున్నము గల పౌష్టికాహారము, చికిత్స ఎవరు ఎంత యిచ్చుచున్నారో చెప్పవలయును. డిండి ఎత్తిపోతలకు నీరు ఎన్నడు వచ్చునో తేదీ వేసి చెప్పవలయును. వాగ్దానము వద్దు, తేదీ కావలయును.

2018 పంచాయతిరాజ్ చట్టము ప్రకారము గ్రామసభ రెండు నెలలకొకసారి కూడవలయును. పెన్సిల్వేనియాలో ఎలక్టరులెందరో మన పఠనాలయములో పదిమంది తడుముకొనక చెప్పుదురు: 19. మన గ్రామసభ కడపటిసారి ఎన్నడు కూడెనో, అందు నీటిని గూర్చి ఏమి వ్రాసుకొన్నారో చెప్పగలవారెందరు? 2022 నవంబరు 3న మునుగోడు ఉపయెన్నికలో నూటికి తొంబదిమందికి పైగా ఓటు వేసితిమి. ఐదు దినములకు, నవంబరు 8న, అమెరికాలో మధ్యంతర యెన్నికలు జరిగినవి. ఓటు హక్కు కలవారిలో సగము మందియు కదలలేదు. ఓటు వేయుటలో మనము వారికి గురువులమే. ఓటు వేసిన మరునాటి సంగతియే మేమడుగుచున్నాము.

సమాచార హక్కు చట్టము 2005 క్రింద పైని ప్రశ్నలను విడివిడిగా దరఖాస్తులు వ్రాసి మిషన్ భగీరథ శాఖకును, మండల పరిషత్తునకును పంపదలచితిమి. రుసుము 10 రూపాయలు మించదు. ముప్పది దినములలో జవాబు రావలయును, రానిచో అప్పీలు. ఒక్కని దరఖాస్తును అధికారి బల్లక్రింద పెట్టవచ్చును, మూడువందల దరఖాస్తులకు బల్ల చాలదు. 480 నామపత్రములు వేసిన జిల్లాకు 300 దరఖాస్తులు భారము కావు. వ్రాయింపగోరువారు తమ ఊరి పేరు, టాంకి గుర్తు, బోరు గుర్తు తెలిసికొని ఆదివారము ఉదయము పఠనాలయమునకు రావలయును. కాగితము, కలము మేమే తెచ్చెదము.